టెండరు పిలుపులలో భేదములు: సంఘ సభ్యులు తెలిసికొనవలసిన సంగతులు

మన ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు పూర్వము అప్పులిచ్చుటతోను, వాయిదాలు వసూలు చేయుటతోను తృప్తిపడుచుండెడివి. ఇప్పుడట్లు గాదు. అవి ఎరువులు, విత్తనములు తెప్పించుచున్నవి, ధాన్యము కొనుగోలు కేంద్రములు నడుపుచున్నవి, గిడ్డంగులు కట్టించుచున్నవి. 2022వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము 63,000 ప్రాథమిక సంఘములకు కంప్యూటర్లు ఏర్పఱచు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. 2023లో సంఘముల యాజమాన్యముననే ధాన్యపు గిడ్డంగులు నెలకొల్పు పథకమును ఆమోదించినది. పనులు పెరిగినకొలది కొనుగోళ్లును పెరుగును. కొనుగోళ్లు పెరిగినకొలది సంఘము డబ్బు చేయిజాఱు త్రోవలును పెరుగును.

ఆ డబ్బు ఎవరిది? వాటాధనము కట్టిన రైతులది. కావున కొనుగోలు విషయము కార్యదర్శికిని అధ్యక్షునికిని మాత్రమే సంబంధించినదని సభ్యులు ఊరకుండరాదు.

మేము గ్రామములు తిరుగునపుడు మహాజన సభలలో తఱుచుగా వినుచుండు ప్రశ్న యొకటి కలదు: “టెండరు పిలిచినారా?” అని. “పిలిచినాము” అని బదులు రాగానే అడిగినవారు తృప్తిపడి కూర్చుందురు. ఆ ప్రశ్న మంచిదే గాని చాలదు. “ఏ విధమైన టెండరు పిలిచినారు? ఈ వస్తువునకు ఆ విధము తగినదేనా?” అని కూడ అడుగవలెను. వైద్యము చేయించితిమని చెప్పిన చాలదు గదా. ఏ రోగమునకు ఏ మందు ఇచ్చిరో తెలియవలెను.

ఈ విషయమున మేము చెప్పదలచిన సూత్రము ఒక్కటే. సంఘమునకు ముందుగా ఎంత తెలియునో దానినిబట్టి పిలుపుయొక్క విధమును నిర్ణయింపవలెను. తనకు కావలసినదేమో స్పష్టముగా కాగితముమీద వ్రాయగలిగినపుడే ధర అడుగవలెను. వ్రాయలేని స్థితిలో ధర అడిగినచో చౌక వస్తువు వచ్చును గాని కావలసిన వస్తువు రాదు. ఈ క్రింద వ్రాయునదంతయు ఈ సూత్రమునకు వివరణమే.

1. పాటకును టెండరునకును భేదము

పాట యనగా నేమో మన రైతులకు క్రొత్తగా చెప్పనక్కఱలేదు. చెఱువులోని చేపలు, వారపు సంత, కొబ్బరితోట ఫలసాయము, దేవాలయ భూముల కౌలు పాట పెట్టుట ప్రతి గ్రామమునను కలదు. ఆంధ్రలో పొగాకు బోర్డువారు 1985 నుండి పొగాకును వేలముననే అమ్మించుచున్నారు. పాటలో అమ్మువాడు ఒకడు, కొనువారు పెక్కురు. ధర అందఱి ఎదుట పైకి పోవుచుండును.

టెండరు దీనికి తలక్రిందులు. ఇక్కడ కొనునది ఒక్క సంఘము, అమ్మజూపువారు పెక్కురు. ప్రతివాడును తన ధరను కవరులో మూసి సీలువేసి ఇచ్చును. ఒకరి ధర మఱొకరికి తెలియదు. నియమించిన దినమున, నియమించిన గంటకు, అందఱి సమక్షమున కవర్లు తెఱతురు.

ఈ గోప్యత ఎందులకని కొందఱు అడుగవచ్చును. బహిరంగముగా పాడునపుడు పాటదారులు ముందే కూడబలుకుకొనియుండిరేని, మాట తప్పినవాడెవడో అందఱికిని అక్కడికక్కడే కనబడును. అందువలన ఎవడును మాట తప్పుటకు సాహసింపడు. మూసిన కవరులో నట్లు గాదు; అందఱితో ఒక మాట అనుకొని కవరులో వేఱొక ధర వ్రాయుటకు అవకాశమున్నది. ఆ అనుమానమే కుమ్మక్కును బలహీనపఱచును. కావున కొద్దిమంది వర్తకులే యున్నచోట మూసిన టెండరు సంఘమునకు మేలు.

2. ఏమి అడుగుచున్నాము?

పిలుపులలో మొదటి భేదము మనము అడుగుదానినిబట్టి ఏర్పడును. ఇవి నాలుగు తెఱగులు.

మొదటిది సమాచారము కోరుట. వస్తువు ఎట్లుండునో, ఎవరు చేయుదురో, ఎంతవఱకు ఖర్చగునో మనకు ఏమియు తెలియనపుడు, “మీయొద్ద ఏమేమి కలవో తెలుపుడు” అని వ్రాయుట. దీనివలన కొనవలసిన బాధ్యత సంఘమునకు లేదు. అమ్మవలసిన బాధ్యత వారికిని లేదు. ఖర్చు అతి స్వల్పము, లాభము అధికము. అయినను మన సంఘములు దీనిని బొత్తిగా వాడుట లేదు.

రెండవది ఆసక్తి తెలుపుమని పిలుచుట. పని యేదో చెప్పి, దానిని చేయగలవారు తమ అనుభవమును, శక్తిని తెలుపుకొనవలసినదని ప్రకటించుట. ఇందు ధర ఉండదు. వచ్చినవారిలో తగినవారిని ఏఱి, పిమ్మట వారినుండియే టెండర్లు కోరుదురు.

మూడవది ప్రతిపాదనలు కోరుట. మన అవసరము మనకు తెలియును గాని దానిని తీర్చు మార్గము తెలియనప్పుడు ఇది తగినది. మార్గమును, ధరను రెండింటిని వారే వ్రాసి పంపుదురు.

నాలుగవది ధర కోరుట. వస్తువును పూర్తిగా వర్ణించి, ధర మాత్రమే అడుగుట.

ఈ భేదము ఎంత ముఖ్యమో రెండు ఉదాహరణములచే చూపుదుము.

ఒక సంఘమునకు కొనుగోలు కేంద్రమువద్ద ధాన్యము కప్పుటకు 200 టార్పాలిన్ పట్టాలు కావలెననుకొందము. ఇది తెలిసిన వస్తువు. పొడవు 24 అడుగులు, వెడల్పు 18 అడుగులు, చదరపు మీటరునకు 250 గ్రాముల బరువు, అంచునకు త్రాడు, కట్టుటకు కన్నములకు లోహపు వలయములు – ఇన్ని మాటలతో వర్ణన ముగియును. ఇక్కడ ధర కోరిన చాలును. అట్లుగాక “200 పెద్ద పట్టాలు” అని మాత్రము వ్రాసినచో ఒకడు 250 గ్రాముల పట్టాకు, మఱొకడు 120 గ్రాముల పట్టాకు ధర వేయును. రెండవవాని ధర తక్కువగా నుండును. నియమము ప్రకారము అతనికే ఇయ్యవలసివచ్చును. తొలి గాలివానకు ఆ పట్టా చిరిగి ధాన్యము తడిసిన పిమ్మట వర్తకుని నిందించి ప్రయోజనము లేదు. అతడు మనము వ్రాసినదే ఇచ్చినాడు. గోనెసంచుల విషయమును ఇట్టిదే. 50 కిలోల ధాన్యము పట్టు 580 గ్రాముల సంచి కావలెనని వ్రాసినచో తూచి తీసికొనవచ్చును. “మంచి సంచులు” అని వ్రాసినచో మంచియనగా నేమని వాదము వచ్చును.

ఇక రెండవ ఉదాహరణము. అదే సంఘమునకు ధాన్యము ఆఱబెట్టు యంత్రము కావలెను. కోతయంత్రముతో కోసిన ధాన్యము తఱుచుగా 22 శాతము తేమతో కేంద్రమునకు వచ్చుచున్నది. కొనుగోలు నిబంధన 17 శాతము. వెయ్యి కిలోల ధాన్యము 22 నుండి 17 శాతమునకు దిగవలెనన్న సుమారు 60 కిలోల నీరు అందుండి పోవలెను. ఇంతవఱకు మనకు తెలియును. కాని యంత్రము ఊకతో నడుచునదా, డీసెలుతోనా, విద్యుత్తుతోనా. ఒక్కసారి నింపి ఆఱబెట్టునదా, ధాన్యమును మఱల మఱల త్రిప్పునదా. మన కేంద్రమునకు ఏది అనుకూలమో మనకు తెలియదు. ఇక్కడ “యంత్రము ధర తెలుపుడు” అని పిలుచుట పొరపాటు. “గంటకు ఇన్ని క్వింటాళ్ల ధాన్యమును 22 శాతమునుండి 17 శాతమునకు, మర పట్టినపుడు నూకలు పెరుగకుండునట్లు, ఆఱబెట్టవలెను. ఏ విధముగా చేయుదురో, క్వింటాలునకు ఇంధనము ఖర్చెంతో, మరమ్మతుకు ఎవరు వత్తురో, ధరయెంతో వ్రాయుడు” అని ప్రతిపాదనలు కోరవలెను. మొదట పట్టాలకు చేసినట్లు వస్తువును వర్ణింపక, ఇక్కడ వస్తువు చేయవలసిన పనిని వర్ణించుచున్నాము. అదియే ఈ రెండు పిలుపులకును గల భేదము.

3. ఎవరిని పిలుచుచున్నాము?

రెండవ భేదము పిలువబడువారినిబట్టి కలుగును.

అతి చిన్న కొనుగోళ్లకు అంగడికి పోయి సరకు చూచి నేరుగా కొనుట న్యాయమే. పది రూపాయల మేకులకు టెండరు పిలిచిన పిలుపు ఖర్చే మేకులధరను మించును. కొంచెము పెద్దవానికి మూడు నాలుగు దుకాణములనుండి కొటేషన్లు తెప్పించుదురు. అంతకు పెద్దవానికి తెలిసిన, నమ్మదగిన వర్తకులకు మాత్రము ఉత్తరములు వ్రాసి పరిమిత టెండరు పిలుతురు. ఇంకను పెద్దవానికి పత్రికలలోను, పోర్టళ్లలోను ప్రకటించి బహిరంగ టెండరు పిలుతురు. అర్హత గల ఎవ్వరైనను వేయవచ్చును.

ఈ మెట్లు ఎట్లుండవలెనో తెలియుటకు కేంద్ర ప్రభుత్వము 2017లో జారీచేసిన సాధారణ ఆర్థిక నియమములు మంచి మాదిరి. జారీయైన నాటి పాఠము ప్రకారము 25,000 రూపాయల వఱకు కొటేషన్లు లేకయే కొనవచ్చును. అంతకు మించి 2,50,000 వఱకు ముగ్గురు సభ్యుల కొనుగోలు కమిటీ అంగడిని విచారించి కొనవలెను. 25,00,000 వఱకు పరిమిత టెండరు చాలును. దానికి ముగ్గురికంటె ఎక్కువమందిని పిలువవలెను. అంతకు మించినచో బహిరంగ టెండరు. టెండరు వేయుటకు ప్రకటన దినమునుండి సామాన్యముగా మూడు వారములకు తక్కువగాని గడువీయవలెను. ఈ మొత్తములు కాలమునుబట్టి మాఱుచుండును. మన సంఘములకు ఇవి నేరుగా వర్తించునవి గావు. మనకు సహకార సంఘముల చట్టము, రిజిస్ట్రారుగారి ఉత్తరువులు, మన ఉపనియమములు ప్రమాణములు. అయినను మెట్ల వరుసలోని న్యాయము ఎక్కడనైనను ఒక్కటే: డబ్బు పెరిగినకొలది తలుపు విశాలముగా తెఱవవలెను.

ఈ మెట్లను తప్పించుకొను ఉపాయమొకటి సభ్యులు కనిపెట్టవలెను. పెద్ద కొనుగోలును చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకును కొటేషన్లతో సరిపుచ్చుట. 200 పట్టాలు ఒక్కసారి కొన్నచో టెండరు కావలెను. నలుబది చొప్పున ఐదు వారములలో కొన్నచో అక్కఱలేదని చెప్పుదురు. అవసరము ఒక్కటే అయినపుడు కొనుగోలును ఒక్కటిగానే లెక్కింపవలెను.

ఇక ఏక టెండరు. ఒక్కనినే అడిగి, అతడు చెప్పిన ధరకే ఇచ్చుట. ఇది ఎల్లప్పుడును తప్పు గాదు. ఉన్న ఎలక్ట్రానిక్ కాటాకు అది చేసిన కంపెనీ భాగమే సరిపడునపుడు మఱొకరిని పిలిచి లాభము లేదు. తుపాను వచ్చుచున్నదని తెలిసి కేంద్రములో ధాన్యము రాసులుగా నున్నపుడు మూడు వారముల గడువిచ్చి కూర్చుండుటయు తగదు. కాని ఏక టెండరు పిలిచిన ప్రతిసారియు కారణమును తీర్మానమున వ్రాయవలెను. కారణము వ్రాయని ఏక టెండరును సభ్యులు ఒప్పుకొనరాదు.

4. కవరు ఒకటా, రెండా?

పట్టాల వంటి వస్తువునకు ఒక్క కవరు చాలును. గిడ్డంగి కట్టించుటకు అట్లు చాలదు. అచ్చట కట్టువాని అనుభవము, యంత్రసామగ్రి, ఆర్థికశక్తి ముందు చూడవలెను. అందుకై రెండు కవర్ల పద్ధతి ఏర్పడినది. ఒక కవరులో అర్హతలు, సాంకేతిక వివరములు; రెండవదానిలో ధర. మొదట అర్హతల కవర్లనే తెఱతురు. అర్హులని తేలినవారి ధర కవర్లను మాత్రమే పిమ్మట తెఱతురు. తక్కినవారివి తెఱవరు.

దీనిలోని యుక్తి సులభము. ధర ముందు కనబడినచో మన కన్ను దానిమీదనే నిలుచును. చౌకవాని లోపములు చిన్నవిగా తోచును. ధర కనబడనప్పుడు అర్హతను అర్హతగా చూడగలము. అయితే ఇందును ఒక మోసమున్నది. ఒక్కనికి మాత్రమే సరిపడునట్లు అర్హతలు వ్రాసి, మిగిలినవారిని మొదటి కవరులోనే త్రోసివేయుట. కావున అర్హతలు పనికి అవసరమైనంతవఱకే యుండవలెను. వేయి టన్నుల గిడ్డంగికి వంద కోట్ల పనిచేసిన అనుభవము అడుగుటలో అర్థము లేదు.

5. తిరుగు వేలము

ఈ మధ్య విన్నవచ్చుచున్న తిరుగు వేలమును గుఱించి సభ్యులు మమ్ము అడుగుచున్నారు. మన చెఱువు పాటను తలక్రిందులు చేసినచో తిరుగు వేలమగును. అమ్మువారు ఆన్‌లైనులో ఒకరికంటె ఒకరు ధర తగ్గించుకొనుచు పోదురు. కట్టకడపట తక్కువ చెప్పినవానికి దక్కును. తన పేరు తెలియకపోయినను అప్పటికి నడుచుచున్న తక్కువ ధర అందఱికిని కనబడుచుండును.

దీనిని హాలెండు దేశపు దిగుడు వేలముతో కలిపి చూడరాదు. అచ్చట 1887 ప్రాంతమున కూరగాయల రైతులు మొదలుపెట్టిన పద్ధతిలో అమ్మువారి తరపుననే ధర పైనుండి దిగుచు వచ్చును. మొట్టమొదట “నాకు” అన్న వర్తకునికి సరకు దక్కును. ఆల్స్‌మీర్ నగరమున పూలరైతుల సహకార సంఘమే ఇట్టి గడియారపు వేలమును నేటికిని నడుపుచున్నది. అది అమ్ముకొనుటకు; మన తిరుగు వేలము కొనుటకు.

తిరుగు వేలము ఎప్పుడు మంచిది? వస్తువు ఎవరియొద్ద కొన్నను ఒక్కటే అయినపుడు, అమ్మువారు పెక్కుమంది యున్నపుడు. కంప్యూటర్లు, కాటాలు, సంచులు ఇట్టివి. నాణ్యత పనివాని చేతిలో నున్నచోట ఇది ప్రమాదకరము. ధర తగ్గించు వేడిలో కంట్రాక్టరు నష్టమునకు కూడ ఒప్పుకొనును. ఆ నష్టమును పిమ్మట సిమెంటులోను ఇనుములోను పూడ్చుకొనును. ప్రభుత్వములకును దీనిపై ఒక్క నిర్ణయము లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2019లో పెద్ద పనులకు తిరుగు టెండర్లను ప్రవేశపెట్టి, 2024లో మఱల పూర్వపద్ధతికి పోవ నిశ్చయించినది.

ఆన్‌లైను పద్ధతి మాత్రము మన ప్రాంతమునకు క్రొత్తది గాదు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుండియే ఆన్‌లైను టెండర్లు నడచినవి. కేంద్ర ప్రభుత్వము 2016 ఆగస్టులో ప్రారంభించిన ‘జెమ్’ అను అంగడి పోర్టలులో సహకార సంఘములు కూడ కొనుగోలుదార్లుగా చేరుటకు 2022 జూన్ 1న కేంద్ర మంత్రివర్గము అనుమతించినది. ఆన్‌లైను టెండరువలన ముఖ్య లాభమేమనగా, కవరు వేయ వచ్చినవానిని గుమ్మమువద్ద అడ్డగించుట, గడువు ముగిసిన పిమ్మట కవరు చొప్పించుట మున్నగు పాత అక్రమములకు తావు తగ్గును. కాని వర్ణన తప్పుగా వ్రాసినచో పోర్టలు దానిని సరిదిద్దజాలదు.

6. ధర చెప్పు తీరులు

ధరను కూడ పలువిధములుగా అడుగవచ్చును. కట్టడపు పనిలో పునాది త్రవ్వకము ఘనమీటరునకు ఇంత, ఇటుకపని ఇంత అని ఒక్కొక్క అంశమునకు ధర అడుగుట ఒక తీరు. సంఘము వేసిన అంచనాపై ఇంత శాతము ఎక్కువ లేదా తక్కువ అని చెప్పించుట రెండవ తీరు. మొత్తము పనికి గంపగుత్తగా ఒకే మొత్తము చెప్పించుట మూడవది. నేల స్వభావము, పునాది లోతు ముందుగా తేలనపుడు గంపగుత్త తగదు. అనుమానమునకు కూడ కంట్రాక్టరు ధర కట్టును, లేదా మధ్యలో పని నిలిపివేయును.

ఎరువుల లారీ కిరాయి వంటివానికి ధర ఒప్పందము మంచిది. ఏడాదికి ఎన్ని బస్తాలు వచ్చునో ముందు తెలియదు. కాని బస్తాకు కిలోమీటరునకు ఇంత అని ఏడాదికొకసారి టెండరు ద్వారా ధర స్థిరపఱచుకొనినచో, ఖరీఫు రద్దీలో లారీవాడు అడిగినంత ఇయ్యవలసిన దురవస్థ తప్పును.

7. తక్కువ ధర యనగా నేమి?

కవర్లు తెఱచిన పిమ్మట పోలిక పట్టిక వ్రాయుదురు. ఇక్కడనే పెక్కు సంఘములు మోసపోవుచున్నవి. ఒకడు పట్టాకు 2,400 రూపాయలని వ్రాసినాడు. మఱొకడు 2,700 అని వ్రాసినాడు. మొదటివాడే చౌక యని తోచును. కాని మొదటివాని కాగితము క్రింద చిన్న అక్షరములతో “పన్ను, కిరాయి అదనము” అని యున్నది. అవి కలుపగా 2,900 అయినదనుకొందము. రెండవవాడు అన్నియు కలిపి సంఘము గుమ్మమున చేర్చు ధర చెప్పినాడు. కావున రెండవవాడే చౌక. అందఱి ధరలను “సంఘము గిడ్డంగికి చేర్చి, పన్నులతో” అను ఒకే కొలతకు తెచ్చిన పిమ్మటనే పోల్చవలెను. పిలుపులోనే ఆ మాట వ్రాసినచో పేచీయే యుండదు.

యంత్రముల విషయమున ఇంకొక మెట్టు ముందుకు పోవలెను. ఒక ఆఱబెట్టు యంత్రము 12 లక్షలు, దానికి క్వింటాలు ఒక్కింటికి ఖర్చు 60 రూపాయలు. మఱొకటి 14 లక్షలు, ఖర్చు 40 రూపాయలు అనుకొందము. ఏడాదికి 4,000 క్వింటాళ్లు ఆఱబెట్టినచో రెండవదానివలన ఏటేట 80,000 రూపాయలు మిగులును. అధికముగా పెట్టిన 2 లక్షలు రెండున్నర సంవత్సరములలో తిరిగి వచ్చును. అటుపైన అంతయు లాభమే. ఎద్దును కొనునపుడు ధరతోపాటు మేతను కూడ లెక్కించు రైతునకు ఇది క్రొత్త విద్య గాదు. అయితే ఇట్లు పోల్చెదమని పిలుపులోనే ముందు చెప్పియుండవలెను. కవర్లు తెఱచిన పిమ్మట కొలత మార్చుట అన్యాయము.

ధరావతు సంగతియు మఱవరాదు. టెండరు గెలిచి వెనుకకు తగ్గినచో పోగొట్టుకొనవలసిన పైకమది. 2017 నాటి నియమములలో అది సరకు అంచనా విలువపై 2 నుండి 5 శాతము. మరీ తక్కువైనచో ఆకతాయిలు వేయుదురు; మరీ ఎక్కువైనచో చిన్న వర్తకులు రాజాలరు. గెలువనివారి ధరావతును ఆలస్యము లేక తిరిగి ఇయ్యవలెను. ఇయ్యని సంఘమునకు మరుసటి యేడు టెండర్లు రావు.

8. కుమ్మక్కును కనిపెట్టుట

ఎంత మంచి పద్ధతియైనను అమ్మువారందఱు కూడబలుకుకొనినచో వ్యర్థము. 2002వ సంవత్సరపు పోటీ చట్టము మూడవ సెక్షను ఇట్టి కుమ్మక్కు టెండర్లను నిషేధించుచున్నది. ఆ సెక్షను 2009 మే నెల నుండి అమలులో నున్నది. కాని చట్టము మన ఊరికి తనంత తాను రాదు. గుర్తులు మనమే కనిపెట్టవలెను.

మూడు కొటేషన్లలో ఒకే చేతివ్రాత, ఒకే అక్షరదోషము కనబడుట; మూడింటిపై ఒకే ఫోను నంబరుండుట; ధరావతు డ్రాఫ్టులు ఒకే బ్యాంకులో వరుస నంబర్లతో తీయబడుట; ప్రతి సంవత్సరమును ఒకే వర్తకులు వంతులవారీగా గెలుచుట; ఓడిన ధరలు గెలిచిన ధరకు సరిగా ఇంత శాతము పైన నుండుట – ఇవి సామాన్యముగా కనబడు గుర్తులు. ఒకే దుకాణదారుడు తన బంధువుల బిల్లు పుస్తకములు తెచ్చి మూడు కొటేషన్లును తానే వ్రాసి యిచ్చుట మేము పలుచోట్ల చూచినదే. కాగితముమీద మూడు ధరలు. నిజమునకు పోటీయే లేదు. అట్టి అనుమానము కలిగినచో పట్టికను ఆమోదింపక, పిలుపును విశాలపఱచి మఱల పిలువవలెను. ఆలస్యమువలన కలుగు నష్టము కొద్ది. అలవాటు పడినచో కలుగు నష్టము శాశ్వతము.

9. సభ్యులు చేయవలసినది

పై సంగతులన్నియు ప్రతి సభ్యుడును కంఠస్థము చేయనక్కఱలేదు. రాబోవు మహాజన సభలో కొనుగోళ్ల లెక్క చదివినపుడు ఈ ఐదు ప్రశ్నలు అడిగిన చాలును.

మనకు కావలసినదేమో పిలుపులో కొలతలతో, బరువులతో వ్రాసినారా? వ్రాయలేనిచో ముందుగా సమాచారముగాని ప్రతిపాదనలుగాని కోరినారా?

ఎంతమందిని పిలిచినారు, ఎంత గడువిచ్చినారు, ఎంతమంది వేసినారు?

ఒక్కనినే పిలిచియుండినచో కారణము తీర్మానమున వ్రాసినారా?

పోలిక పట్టికలో ధరలన్నియు ఒకే కొలతకు తెచ్చినారా?

వచ్చిన సరకును పిలుపులోని వర్ణనతో పోల్చి, తూచి, కొలిచి తీసికొన్నవారెవరు?

ఈ కడపటి ప్రశ్న మిక్కిలి ముఖ్యము. ఎంత చక్కగా టెండరు పిలిచినను, లారీ దిగినపుడు తూచువాడు లేనిచో పై శ్రమయంతయు నిష్ఫలము. 580 గ్రాముల సంచిని అడిగినవారు పది సంచులను కాటాపై వేసి చూడవలెను. 250 గ్రాముల పట్టాను అడిగినవారు ఒక పట్టాను తూచి, చదరపు మీటర్లతో భాగించి చూడవలెను. దీనికి గొప్ప చదువు అక్కఱలేదు. ఒక కాటాయు, ఒక టేపును, ఇద్దఱు సభ్యుల తీరికయు చాలును.

ఈ ప్రశ్నలు అడుగుట కార్యదర్శిని అనుమానించుట గాదు. నిజాయితీ గల కార్యదర్శికి ఇవియే రక్ష. రేపు ఆడిటు వచ్చినపుడు ఆయన చూపదగినది ఈ కాగితములనే గదా. ఇంటికి ఎద్దును తెచ్చునపుడు పండ్లు చూచి, నడక చూచి, నలుగురిని విచారించి కొను రైతు, సంఘము పేరిట కొనునపుడు ఆపాటి శ్రద్ధ చూపినచో, తాను కట్టిన వాటాధనము తన ఊరిలోనే గిడ్డంగిగా, యంత్రముగా నిలిచి తన బిడ్డలకు పనికివచ్చును.